వజ్రశృంగం మీద అడిగిన వరం

శిశిరం వెళ్ళిపోతున్న రోజులవి. ధవళాద్రి రాజ్యంలో కొండలన్నీ ఇంకా తెల్లగా మెరుస్తూనే ఉన్నా, మంచు అడుగున నీరు కదలడం మొదలైంది. మధ్యాహ్నం పూట చెవి ఒగ్గి వింటే, సెలయేళ్ళు నిద్రలో గొణుగుతున్నట్టు సన్నని చప్పుడు వినిపించేది. ఏటా ఆ చప్పుడు వినపడగానే ఉగ్రకేతు మహారాజు నగారాలు మోగించేవాడు. మంచు కరిగిపోయేలోగా జరిగే ఆఖరి పందెం అది. పాదాలకు పొడవాటి మంచుచెక్కలు కట్టుకుని, చేతుల్లో ఊతకర్రలు పట్టుకుని, నాలుగు మజిలీలు దాటి, వజ్రశృంగం కొన మీద వేసిన రాజు డేరాను అందరికంటే ముందు చేరినవారికి ఒక వరం. ఏం అడిగినా రాజు కాదనకూడదు. ధవళాద్రి సింహాసనం మీద కూర్చున్న ప్రతివాడూ ఆ మాటకు కట్టుబడవలసిందే.

ఆ ఏడు పందెంలో దిగినవాళ్ళలో మేఘవాహనుడనే యువకుడొకడు. సముద్రతీరం నుంచి వచ్చిన రత్నాల వర్తకుడి కొడుకునని చెప్పుకున్నాడు. నల్లని గుబురుగడ్డం, చెవులకు పచ్చల పోగులు, భుజాల మీద నక్కతోలు అంగీ. అయితే ఆ గడ్డం గుర్రపు వెంట్రుకలతో అల్లినది. ఆ పచ్చలు గాజు ముక్కలు. అతని అసలు పేరు శరభుడు. అతను పుట్టింది ధవళాద్రి కనుమకు దక్షిణాన ఉన్న నీలిలోయలో.

శరభుడు చెక్కల మీద పెరిగి పెద్దవాడయ్యాక ఉగ్రకేతుడు నీలిలోయను జయించాడు; ఆనాటి నుంచీ అక్కడ ఒక శాసనం అమలులో ఉంది. లోయవాసి ఎవడైనా మంచుచెక్కలు కట్టుకుంటే పాదాలు నరికేస్తారు. చెక్కలు లేని లోయలో శీతకాలమంటే వేట లేదు, వైద్యుడు లేడు, ఒక గుడిసె నుంచి మరో గుడిసెకు దారి లేదు. మంచు కురిసినన్నాళ్ళూ ఎవరి ఆకలి వాళ్ళదే, ఎవరి చావు వాళ్ళదే.

నిరుడు శరభుడి అన్న నందకుడు ఇలాగే మారువేషంలో వచ్చాడు. పందెం గెలిచి ఆ శాసనాన్ని రద్దు చేయించుకొస్తానని లోయకంతటికీ మాటిచ్చి వచ్చాడు. నందకుడు గెలిచాడన్న వార్త కనుమ దాటి లోయకు చేరింది. నందకుడు మాత్రం తిరిగి రాలేదు. శాసనమూ పోలేదు. నోరు తెరిచి వరం అడిగేలోగానే రాజు అతన్ని గుర్తుపట్టి చెరసాలలో తోసి ఉంటాడని అందరూ నమ్మారు. ఆడవాళ్ళు అతని మీద పాటలు కట్టి, పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు పాడుకున్నారు. ఏడాది పొడుగునా ఆ పాటలు విని విని, శరభుడు గడ్డం తగిలించుకుని బయలుదేరాడు. ఉన్నది ఒక్క వరం. ఆ వరంతో అన్నను విడిపించుకుంటే, శాసనం సంగతి అన్నదమ్ములిద్దరూ కలిసి తేల్చుకోవచ్చుననుకున్నాడు.

మొదటి మజిలీ చదును మైదానం. అక్కడ బలమున్నవాడిదే ముందడుగు. పొద్దువాలే వేళకు శరభుడు రెండోవాడుగా వచ్చాడు. అతనికంటే ముందు వచ్చినది మందర అనే ఆడమనిషి. ఉత్తరపు పశులకాపరుల పల్లెలకు చెందినది, నడివయసుది. ఒంటి మీద నగ లేదు. ఆమె చెక్కలకు అతుకులు వేసిన జడలబర్రె తోలు దూరానికే కనిపించేది. బిడారులో ఎవరైనా పలకరిస్తే ముఖం తిప్పుకునేది.

మర్నాడు రెండో మజిలీ. ముందురోజు ఎవరు ఎంత ముందు వచ్చారో అంత ముందుగా వాళ్ళను వదిలేవారు. ఆ తేడాను ఘడియకుండలోంచి కారే నీటితో కొలిచేవారు. మందర వెళ్ళిపోయిన కాసేపటికి కుండ దగ్గరి భటుడు జెండా దించాడు. శరభుడు దేవదారు అడవిలోకి దూసుకుపోయాడు.

ఆ అడవి అందం చూసి తీరవలసిందే. ఒక్కో చెట్టూ వెండి తొడుగు వేసుకున్న గోపురంలా ఆకాశాన్నంటుతోంది. కొమ్మల చివర వేలాడుతున్న మంచు మొనలు సూర్యకిరణం సోకినప్పుడల్లా ఏడు రంగులూ చిమ్ముతున్నాయి. గాలి వీస్తే అవి ఒకదానికొకటి తగిలి వేల గజ్జెలు ఒక్కసారి కదిలినట్టు మోగుతున్నాయి. ఆ నేల మీద పక్షి అడుగు కూడా పడలేదు.

ఉన్నట్టుండి ఆ వెలుగంతా మాసిపోయింది. చెట్ల మొదళ్ళలోంచి బూడిదరంగు పొగ పైకి లేచింది. అది రాజమాంత్రికుడు భస్మపాదుడి పని. వరాలిచ్చే ఆచారం ఉగ్రకేతుడికి మొదటి నుంచీ కంటగింపే. ఆచారాన్ని మానలేడు కనుక, పందెగాళ్ళు శిఖరం చేరకుండా చూసే బాధ్యత మాంత్రికుడికి అప్పగించాడు. శరభుడికి తన చెక్కల ముక్కులు కూడా కనిపించడం మానేశాయి. ఆ పొగలోంచి గొంతులు మొదలయ్యాయి.

"శరభా! ఒరే శరభా! కాలు విరిగిందిరా! ఇటు, ఎడమకు రా!"

అది నందకుడి గొంతు. చిన్నప్పుడు మంచుగుంటలో పడినప్పుడు పిలిచిన గొంతే. శరభుడు ఊతకర్రలు బలంగా నాటి ఎడమకు తిరిగాడు. నాలుగు తోపులు తోశాడో లేదో, అతని ఛాతీకి అడ్డంగా ఒక కర్ర వచ్చి ఠక్కున తగిలింది. శరభుడు వెల్లకిలా పడ్డాడు.

"ఎక్కడికి పోతున్నావబ్బాయ్?" అంది మందర. ఆమె ఒక చెట్టుకు వీపు ఆనించి నిలబడి ఉంది. "కాళ్ళ ముందు చూడు."

శరభుడి చెక్కల మొనలు గాలిలో ఉన్నాయి. వాటి కింద నేల లేదు. అడుగు తెలియని అగాధంలోంచి చలిగాలి మొహానికి కొట్టింది.

"మా అన్న పిలిచాడు," అన్నాడు శరభుడు.

"నన్ను నా మొగుడు పిలిచాడు. పిలుపు వినపడుతోంది గాని రొప్పు వినపడుతోందా? ఈ చలిలో రొప్పకుండా అరిచే మనిషి ఎవడుంటాడు? లే, లే. నన్ను ఆపేశావు."

ఆమె ముందుకు వెళ్ళిపోయింది. శరభుడు ఆమె జాడ పట్టుకుని కదిలాడు. అతని వెనక ఎవరో "అమ్మా, వస్తున్నా!" అంటూ సంతోషంగా అరిచి ఎడమకు తిరిగిన చప్పుడైంది. శరభుడు వెనక్కి తిరిగి "ఆగు!" అని కేక వేశాడు. ఆ కేక కూడా పొగలో మరో మాయగొంతై కలిసిపోయింది. తర్వాత ఇంకొకడు, ఆ తర్వాత మరొకడు. అడవి దాటి బయటపడినవాళ్ళు చాలా తక్కువమంది.

సాయంత్రం సరస్సు ఒడ్డున బిడారు వేశారు. శరభుడు నిప్పు దగ్గర కూర్చుని చెక్కల అడుగున మైనం రుద్దుతుంటే మందర వచ్చి ఎదురుగా చతికిలబడింది.

"నువ్వు సముద్రం దగ్గరివాడివి కావు," అంది ఆమె, ఉపోద్ఘాతం లేకుండా. "కాలు తోసేముందు మడమ ఎత్తే అలవాటు నీలిలోయవాళ్ళకే ఉంది."

శరభుడి చేయి నడుం దగ్గరి కత్తి మీదికి పోయింది.

"దాన్ని అక్కడే ఉండనీ. నీ సంగతి నేనెవరికీ చెప్పను. నాకు నీతో పని ఉంది. రేపు, ఎల్లుండి నన్ను ముందు పోనీ."

"ఎందుకక్కా?"

మందర కొండవైపు చూపించింది. "ఆ వజ్రశృంగానికి అవతల ఉప్పుగనులున్నాయి. కప్పానికి పశువుల్ని తోలేది లేదన్నందుకు మా పల్లెల మగాళ్ళనందరినీ గొలుసులేసి అందులో దించారు. నా మొగుడు అందులోనే పోయాడు. మిగిలినవాళ్ళకి ఊపిరితిత్తుల్లో ఉప్పు పేరుకుపోతోంది. ఇంకో శీతకాలం బతకరు. గనులు మూయించమని అడుగుతా. అందులో మీ లోయవాళ్ళు కూడా ఉన్నారబ్బాయ్. అందరూ బయటికొస్తారు."

శరభుడు మైనం ముద్దను అరచేతిలో నలిపాడు.

"మా అన్న చెరలో ఉన్నాడు," అన్నాడు. "వాడు తన కోసం రాలేదు. లోయ కోసం వచ్చాడు. వాణ్ణి వదిలేసి నేను ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోను?"

"ఒక్కడు. అక్కడ గనినిండా మనుషులున్నారు."

"నాకు వాడొక్కడే అన్న."

మందర లేచి నిలబడింది. "సరే. పొద్దున అడవిలో నిన్ను ఆపి పొరపాటు చేశాను," అని తన డేరాలోకి పోయింది.

మూడో మజిలీ గడ్డకట్టిన సరస్సు. అద్దంలాంటి ఆ మంచు మీద మిగిలిన పందెగాళ్ళు ఒకరి వెంట ఒకరు బాణాల్లా సాగారు. సగం దూరం పోయేసరికి అవతలి గట్టు మీద భస్మపాదుడు డమరుకం వాయించడం వినిపించింది. మోత పెరిగేకొద్దీ సరస్సు నడుం మీద సన్నని గీత ఒకటి పాకింది. అది చీలి, నోరై, ఆ నోట్లోంచి మంచుగడ్డల పొలుసులతో ఒక మహామకరం తల పైకెత్తింది. దాని కళ్ళు నీలిదీపాల్లా మండుతున్నాయి. ఒక్క తోకదెబ్బకు ముగ్గురు పందెగాళ్ళు నీళ్ళ పాలయ్యారు.

శరభుడు మోకాళ్ళు వంచి ఊపు తగ్గించకుండా నేరుగా దాని మీదికే పోయాడు. మకరం నోరు తెరిచింది. ఆఖరి క్షణంలో ఊతకర్రలు రెండూ నాటి, గాలిలోకి లేచి, దాని వెన్ను మీద వాలాడు. పొలుసుల మీద చెక్కలు గరగరలాడుతుండగా తల నుంచి తోక దాకా జారి, అవతలి గడ్డ మీదికి దూకాడు. మకరం అతని వైపు తిరగబోయి తను చీల్చిన మంచులోనే ఇరుక్కుపోయింది. గట్టు మీద డమరుకం ఆగింది.

అప్పుడు చూశాడు మందరను. ఆమె నడుం లోతు నీళ్ళలో ఉంది. రెండు చేతులతో మంచు అంచు పట్టుకుంది. అంచు విరుగుతోంది. ఆమె కేక వేయలేదు. శరభుడి కళ్ళలోకి చూస్తోంది, అంతే.

ఆగి ఆమెను పైకి లాగితే వెనకవాళ్ళు దాటిపోతారు. శరభుడు ఆగలేదు. పక్కనుంచి పోతూ పోతూ తన ఊతకర్ర ఒకటి ఆమెకు అందేలా విసిరి సాగిపోయాడు. ఆ కర్రను అంచు మీద అడ్డంగా వేసుకుని ఆమె ఎలా పైకి వచ్చిందో అతను చూడలేదు. సాయంత్రం బిడారులో కుడిచేతి కర్ర ఒక్కటే మిగిలిన శరభుణ్ణి, తడి ఆరని బట్టలతో వచ్చిన మందరను ఎవరూ ఏమీ అడగలేదు.

నాలుగో మజిలీకి తెల్లవారుతూనే బూర ఊదారు. వజ్రశృంగం ఆకాశానికి ఎత్తిన ఖడ్గంలా నిలబడి ఉంది. ఉదయకాంతి మొదట దాని కొనను కుంకుమరంగులో ముంచి, క్రమంగా పగడం రంగులోకి, బంగారంలోకి దిగింది; చివరికి కొండంతా కరిగించి పోసిన వెండిలా తళతళలాడింది. కొన మీద రాజు డేరా నెమలికంఠం రంగులో రెపరెపలాడుతోంది. దాని ముందు కట్టిన ఎర్రపట్టు దారం కింది నుంచి కనిపించడమే లేదు.

ఎక్కడం మొదలైంది. చెక్కల ముక్కులు విడదీసి, మడమలు దగ్గరపెట్టి, ఒక్కో అడుగూ మంచులోకి తొక్కి తొక్కి ఎక్కాలి. మరొక కర్ర లేక శరభుడి ఎడమచేయి గాలిలో ఊగుతోంది. ఒక్కొక్కరే వెనకబడి, కూలబడి, మంచు నములుతూ ఉండిపోయారు. ఇక వెనక ఎవరూ లేరనుకున్న చోట చెక్కల చప్పుడు వినిపించింది. మందర! గడ్డకట్టిన ఆమె బట్టలు అడుగడుక్కీ పటపటమంటున్నాయి. పెదవులు నల్లబడ్డాయి. భుజం భుజం కలిసేంత దగ్గరికి వచ్చింది.

"అబ్బాయ్," అంది రొప్పుతూ. "ఆఖరిసారి అడుగుతున్నా."

శరభుడు ఎర్రదారం కనిపించగానే ఒంట్లో ఉన్నదంతా కూడదీసుకుని ముందుకు దూకాడు. దారం అతని గుండెకు తగిలి తెగింది. ఒక్క చెక్క పొడవంత వెనకగా మందర మోకాళ్ళ మీద పడింది.

నగారాలు మోగాయి. డేరా ముందు పులితోలు పరిచిన సింహాసనం మీద ఉగ్రకేతుడు, అతని పక్కన ధూపపాత్ర చేత్తో పట్టుకుని భస్మపాదుడు. చుట్టూ విలుకాళ్ళు, గొడ్డలితో తలారి.

"భేష్, వర్తకపుత్రా!" అన్నాడు రాజు. "మా మాంత్రికుడి మకరం మీద సవారీ చేశావట. కోరుకో. ఏం కావాలి?"

శరభుడు మోకరిల్లాడు. "ప్రభూ, నిరుడు ఈ పందెం గెలిచిన నీలిలోయ నందకుణ్ణి విడుదల చేయండి. అదే నా వరం."

రాజు మాంత్రికుడి మొహం చూశాడు, మాంత్రికుడు రాజు మొహం చూశాడు. ఆ తర్వాత ఉగ్రకేతుడు కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"విడుదలా? నందకుణ్ణా? ఎవరక్కడ, మార్గాధిపతిని పిలవండి!"

డేరా తెర తొలిగింది. హంస ఈకల శాలువా కప్పుకుని, వేళ్ళకు ఉంగరాలతో, నున్నగా నిండిన బుగ్గలతో నందకుడు బయటికి వచ్చాడు. లోపలి కుంపట్ల వెచ్చదనం, వేయించిన మాంసం వాసన అతని వెనకే వచ్చాయి.

"నందకా, నిన్నెవరైనా కట్టేశారా?" అని అడిగాడు రాజు.

"లేదు ప్రభూ."

"నిరుడు నువ్వు నన్నేం వరం అడిగావో ఈ వర్తకుడికి చెప్పు."

నందకుడు తల వంచుకున్నాడు. "జీవితాంతం ప్రభువుల కొలువులో ఉండనివ్వమని అడిగాను."

"విన్నావా? గెలిచి మారువేషం తీయగానే, లోయ శాసనం సంగతి ఎత్తుతాడేమోనని ఆనాడు హడలిపోయాను. అతగాడు ఎత్తనే లేదు! అప్పటి నుంచీ పందెపు దారి గుర్తులు పెట్టేది ఇతనే. వర్తకపుత్రా, నీ వరం ఇచ్చేశాను. నందకుడు స్వేచ్ఛగానే ఉన్నాడు."

భటులు కూడా నవ్వారు. శరభుడి వెనక మందర మాత్రం అలాగే మోకాళ్ళ మీద ఉంది. ఆమె ఏడవలేదు. మంచును గుప్పిట నిండా పట్టుకుని, అది నీరై వేళ్ళ సందుల్లోంచి కారుతుంటే చూస్తోంది.

విజేత మెడలో వేయవలసిన పూసలదండ పట్టుకుని నందకుడు దగ్గరికి వచ్చాడు. గడ్డం వెనక ఉన్నదెవరో అతనికి తెలిసిపోయింది.

"ఎందుకొచ్చావురా శరభా?" అన్నాడు, పెదవులు కదలనీయకుండా.

"నీ మీద పాటలు పాడుకుంటున్నారక్కడ," అన్నాడు శరభుడు. "ఎందుకన్నా? ఎందుకు అడగలేదు?"

"పైకొచ్చేసరికి కాళ్ళు చచ్చుబడిపోయాయిరా. డేరాలో వెచ్చగా ఉంది. నోరు తెరిస్తే మళ్ళీ ఆ లోయకి, ఆ చలికి పోవలసి వస్తుందనిపించింది." నందకుడు దండ ముడి సరిచేశాడు. "చలేసిందిరా. అంతే."

"అడవిలో దారి అగాధం అంచున పెట్టింది నువ్వేనా?"

"దారి నేనే పెట్టాను. పొగ నాది కాదు."

భస్మపాదుడు తల పక్కకు వంచి ఇద్దర్నీ పరికించి చూస్తున్నాడు. "మార్గాధిపతీ," అన్నాడు మెత్తగా, "ఈ వర్తకుడు నీకు బాగా తెలిసినవాడిలా ఉన్నాడే?"

నవ్వులు ఆగిపోయాయి. నందకుడి మొహం పాలిపోయింది. అతను ఒకసారి రాజు వైపు, ఒకసారి డేరాలో ఎర్రగా కనిపిస్తున్న కుంపట్ల వైపు చూశాడు. తర్వాత చేయి చాచి తమ్ముడి గడ్డాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

"నా తమ్ముడు ప్రభూ. లోయవాడు," అన్నాడు కళ్ళు మూసుకుని. "చెక్కలు కట్టాడు."

"పాదాలు నరకండి!" అని గర్జించాడు ఉగ్రకేతుడు.

శరభుడి చెక్కలు ఇంకా పాదాలకే ఉన్నాయి. తలారి గొడ్డలి ఎత్తేలోగా అతను ఊతకర్ర తిప్పి భస్మపాదుడి చేతిలోని ధూపపాత్రను కొట్టాడు. నిప్పులు ఎగిరి డేరా పట్టు మీద పడ్డాయి. నెమలిరంగు డేరా భగ్గుమంది. విలుకాళ్ళు రాజును లాగడానికి పరుగెత్తారు. మంటలో మాంత్రికుడి జడలు అంటుకున్నాయి. ఆ గందరగోళంలో శరభుడు దక్షిణానికి, ఇంటి దారికి తిరగబోయి ఆగాడు. ఆ దారి నిండా భటులు. ఉత్తరాన ఎవరూ లేరు. అక్కడ కొండ నిట్టనిలువుగా తెగి కిందికి దిగిపోయింది.

అతను ఉత్తరానికి తిరిగాడు.

"అటు పోకురా!" వెనక నుంచి నందకుడు గొంతు చించుకుని అరిచాడు. ఈసారి ఆ గొంతులో రొప్పు ఉంది. "ఒరే, అటు దారి లేదురా!"

శరభుడు అంచు మీదినుంచి దూకాడు.

గాలి చెంపల్ని కోసింది. కొండవాలు చెక్కలకు ఎదురుగా లేచి వచ్చి తగిలింది. అతను పడలేదు. బాణాలు రెండు వైపులా మంచులో గుచ్చుకుంటున్నాయి. పైన భస్మపాదుడి మంత్రం పిడుగులా మోగింది. మరుక్షణమే కొండ భుజం మీది మంచంతా ఒక్కసారిగా విడిపోయి, తెల్లని ఏనుగుల మందలా గర్జిస్తూ కదిలింది. శరభుడు ఒంటికర్రతో ఎడమకు కోసి, ఒక బండ చాటున ఒరుసుకుని, మళ్ళీ కుడికి మళ్ళి, హిమపాతం అంచునే పరుగు తీశాడు. కళ్ళలోంచి కారుతున్నది చెంప దాటకముందే గడ్డకడుతోంది.

చాలా కింద, కొండకు అవతలి లోయ అడుగున నల్లని కొలిమిపొగ కనిపించింది. తెల్లని గుట్టలు, ఇనుప ద్వారం, దాని పక్కన చీమల్లాంటి మనుషులు. ఉప్పుగనులు. కొండ కూలుతున్న చప్పుడు విని అక్కడ ఎవరో గంట కొట్టడం మొదలుపెట్టారు. ద్వారం దగ్గర కావలివాళ్ళు ఈటెలు పట్టుకుని వరుసకడుతున్నారు.

అతని వెనక మరో జత చెక్కలు మంచును కోస్తున్న చప్పుడు వినిపించింది. శరభుడు తల తిప్పాడు. మంచుధూళిని చీల్చుకుంటూ మందర దూసుకొస్తోంది. గడ్డకట్టిన కొంగు జెండాలా లేచి ఉంది. రెప్పపాటులో అతని పక్కకు వచ్చింది. ఆమె కళ్ళు ద్వారం మీదున్నాయో, అతని మీదున్నాయో తెలియలేదు. ఆమె చేతిలో ఒరలోంచి తీసిన కత్తి ఉంది.

అది ఎవరికోసమో అడిగే తీరిక శరభుడికి లేదు. మోకాళ్ళు ఇంకా వంచి, గని ద్వారానికి అడ్డుగా ఉన్న ఈటెల మీదికి వేగం పెంచాడు.